దీపం వెనక మంద

(తడలో ఒక ఉపాధ్యాయుడి స్మారక సభలో చదివిన ఉపన్యాసానికి అచ్చుపాఠం)

శ్రీకాళహస్తి దగ్గర తొండమనాడులో ఒక పాత శివాలయం ఉంది. కోదండరామేశ్వరాలయం అంటారు. కోదండరాముడన్నది చోళరాజు మొదటి ఆదిత్యుడి బిరుదు. ఆయన సుమారు 907లో ఈ చుట్టుపక్కలే కన్నుమూశాడు. తర్వాతి శాసనాలు ఆయన్ని తొండైమానారూరులో పోయిన దొరగానే గుర్తుపెట్టుకున్నాయి. కొడుకు మొదటి పరాంతకుడు తండ్రి అస్థికలున్న చోట గుడి కట్టించి, ఆదిత్యేశ్వరమని పేరు పెట్టాడు.

ఇక్కడిదాకా వింతేమీ లేదు. రాజులు గుళ్ళు కట్టించేవాళ్ళే. పరాంతకుడి పాలనలో 34వ సంవత్సరం నాటి శాసనం ఒకటి అదే గుడి గోడ మీద ఉంది. ఉత్సవాల రోజుల్లో వెయ్యిమందికి అన్నం పెట్టడానికి ఇంత బంగారం, ఇంత ధాన్యం అని లెక్క రాయించిన శాసనం అది. అప్పటికి తండ్రి పోయి మూడు దశాబ్దాలు దాటిపోయింది. కొడుక్కూ వయసు మీద పడి ఉంటుంది. ఏడ్చే రోజులు ఎప్పుడో అయిపోయాయి. అయినా, ఏటేటా ఆ విస్తళ్ళలోకి బియ్యం ఎక్కణ్ణుంచి వస్తాయన్న సంగతి ఆ శాసనంలో తేల్చి రాశారు. పోయినవాళ్ళ పేరు మీద చేసే దానధర్మాల గురించి మాట్లాడుకోవాలంటే గోపురం దగ్గర మొదలుపెట్టడం కన్నా ఈ బియ్యం లెక్క దగ్గర మొదలుపెట్టడమే మంచిది.

ఆ కాలం దాతలు ఈ విషయంలో చాలా ముందుచూపు గలవాళ్ళు. తల్లికో తండ్రికో పుణ్యంగా గుళ్ళో అఖండ దీపం పెట్టించాలనుకున్నవాడు నెయ్యి డబ్బా తెచ్చి ఇచ్చి వెళ్ళిపోయేవాడు కాదు. గొర్రెలు ఇచ్చేవాడు. చోళుల శాసనాల్లో ఒక్క దీపానికి 96 గొర్రెలన్నది మామూలు లెక్క. మందను ఒక కాపరికి అప్పగిస్తారు. అతను రోజుకు ఉళక్కు నెయ్యి గుడికి కొలిచి పోయాలి. ముసలివి పోతుంటాయి, పిల్లలు పుడుతుంటాయి, మంద మాత్రం 96కి తగ్గకూడదు. అందుకే శాసనాలు వాటిని చావని, ముసలివి కాని గొర్రెలంటాయి. దాత పోయినా, కాపరి పోయినా, కాపరి కొడుకు చేతికి మంద వస్తుంది, దాంతోపాటు నెయ్యి బాకీ కూడా వస్తుంది. తెలుగు శాసనాల్లోనూ, ముఖ్యంగా ద్రాక్షారామంలో, ఇలాంటి దీపదానాలు కోకొల్లలు. తిరుమలలో పల్లవ రాణి సామవాయి 966లో వెండి భోగ శ్రీనివాసమూర్తిని చేయించి ఇచ్చినప్పుడు కూడా విగ్రహంతో సరిపెట్టలేదు. ఉత్సవాల ఖర్చుకు భూమి కూడా రాసిచ్చింది.

వెలిగే దీపం అందరికీ కనిపిస్తుంది. దాని వెనక మేసే మంద ఎవరికీ కనిపించదు. ఈ ఉపన్యాసమంతా ఆ మంద గురించే.

తడ సంగతికి వస్తే, బయటివాళ్ళకు ఈ ఊరంటే జాతీయ రహదారి మీద ఆంధ్రా చివరి మండలం, భీములవారిపాలెం చెక్‌పోస్టు, పులికాట్ సరస్సు, శని ఆదివారాల్లో మద్రాసు కుర్రాళ్ళు బైకులేసుకుని వచ్చే జలపాతం. ఊళ్ళో నాలుగడుగులు వేస్తే మాత్రం ఇంకో తడ కనిపిస్తుంది. తడ అనే ఏముంది, సూళ్ళూరుపేట, నాయుడుపేట, సత్యవేడు, వరదయ్యపాళెం, ఎక్కడైనా ఇంతే. బస్సు షెల్టరు నుదుటి మీద 'కీ.శే.' అని ఒక పేరు. బడిలో ఫ్యాను రెక్కల మీద ఎర్ర పెయింటుతో మూడు ముక్కలుగా ఒక పేరు, ఫ్యాను ఆగినప్పుడే చదవడానికి వీలయ్యేది. సిమెంటు బల్లల వీపు మీద, గుళ్ళో గంట మీద, శవాన్ని ఉంచే ఫ్రీజర్ బాక్సు మీద, వైకుంఠ రథం అద్దం మీద 'జ్ఞాపకార్థం' అన్న మాట. దినాల రోజు పంచిన స్టీలు గ్లాసుల మీద గీతలు గీతలుగా చెక్కిన పేర్లయితే ప్రతి ఇంటి వంటింట్లోనూ ఉంటాయి. పొద్దున కాఫీ తాగేటప్పుడు ఎప్పుడో పోయిన మేనత్త పేరు చేతికి తగులుతుంది.

వీటిని చూసి నవ్వేవాళ్ళుంటారు. ఇరవై రూపాయల గ్లాసు మీద మూడు తరాల పేర్లా అని. ఆ నవ్వు న్యాయం కాదు. గుడి కట్టించే స్తోమత పరాంతకుడికి ఉంది, గ్లాసు కొనే స్తోమత కూలికి ఉంది. కోరిక ఒకటే. తేడా అంతా ఇంకో చోట ఉంది, అది చూడాలంటే నీళ్ళ ప్లాంటు దగ్గరికి వెళ్ళాలి.

పులికాట్ అంచున ఉన్న పల్లెల్లో బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీళ్ళే. అందుకని తండ్రి పేరు మీదో తల్లి పేరు మీదో ఊరికి మంచినీళ్ళ ప్లాంటు పెట్టించడం ఇక్కడ పెద్ద దానం. దానాల్లో ఇంతకన్నా పనికొచ్చేది వెతికినా దొరకదు. షెడ్డు వేస్తారు, రంగులు వేస్తారు, ఫోటోకు దండ వేస్తారు, ఎమ్మెల్యే గారో తహసీల్దారు గారో రిబ్బను కత్తిరిస్తారు. మొదటి వేసవి బ్రహ్మాండంగా నడుస్తుంది. తర్వాత కరెంటు బిల్లు వస్తుంది. కొన్నాళ్ళకు ఫిల్టర్లు మార్చాలి. అన్నిటికన్నా ఖరీదు లోపలి మెంబ్రేన్. నీళ్ళలో ఉప్పు ఎంత ఎక్కువైతే అది అంత తొందరగా మూసుకుపోతుంది, అంటే ప్లాంటు అవసరం ఎక్కడ ఎక్కువో అక్కడే దాని ఆయుష్షు తక్కువ. ప్లాంటు ఆగిన పూట అక్కడ జరిగే మాట ఏ ఊళ్ళోనైనా దాదాపు ఒకటే.

"ఏం నాయనా, మళ్ళీ ఆగిపోయిందా?"

"ఆగిపోయింది పెద్దమ్మా. అన్న బెంగుళూరులో ఉండాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు."

అన్న చెడ్డవాడు కాదు. లక్షలు ఖర్చుపెట్టి తండ్రి పేరు నిలబెట్టాననే అనుకుంటున్నాడు. పెట్టుబడికి కొదవ లేదు, ఏటా అయ్యే ఖర్చే ఎవరి లెక్కలోకీ రాలేదు. దీపం వెలిగించాడు, మందను ఇవ్వడం మరిచాడు. తాళం వేసిన షెడ్డు మీద తండ్రి ఫోటో ఎండకు వెలిసిపోతూ ఉంటే, ఆ ఇంటి కోడలు ఖాళీ క్యాను పట్టుకుని ప్రైవేటు ప్లాంటుకు పోతుంది. పేరు లేకపోయినా పోయేదేమీ ఉండేది కాదు, ఇప్పుడా పేరును జనం విసుగ్గా తలుచుకుంటున్నారు.

గుళ్ళలో ఇదే కథ ఇంకో రూపంలో నడుస్తుంది. తిరుపతి, కాళహస్తి ప్రాంతాల్లో ఉభయం అనే మాట తెలియని ఇల్లు ఉండదు. బ్రహ్మోత్సవాల్లో ఈ రోజు వాహనం ఫలానా వంశం వాళ్ళ ఉభయం, ఆ రోజు పూలంకారం ఇంకొకరి ఉభయం. తాత పెట్టిన ఉభయాన్ని మనవడు ఢిల్లీలో ఉన్నా వచ్చి జరిపించి పోతాడు. ఉభయంలో ఒక గొప్పతనం ఉంది, అది కుటుంబం మెడకు తగిలించిన బాధ్యత. ఏటేటా ఆ రోజు వస్తుంది, తప్పించుకోవడం కుదరదు. దీనికి సులువైన దారిగా వచ్చింది శాశ్వత పూజ. ఒక్కసారి మూలధనం కట్టేస్తే చాలు, వడ్డీతో దేవస్థానమే ఏటా తల్లి తిథి రోజున ఆమె పేరు మీద అర్చన జరిపిస్తుంది.

శాశ్వతమంటే ఎంత శాశ్వతం? లెక్క వేసి చూడవచ్చు. ఒకప్పుడు 1,116 రూపాయలు కట్టారనుకుందాం. పది శాతం వడ్డీ ఉన్న రోజుల్లో ఏటా 111 రూపాయలు వచ్చేవి. ఆ రోజుల్లో కొబ్బరికాయ, పూలు, ప్రసాదం, అర్చకుడి సంభావన, అన్నీ అందులో హాయిగా ఇమిడేవి. ఇవాళ ఆరున్నర శాతం వడ్డీకి అదే డబ్బు మీద వచ్చేది 72 రూపాయలు. దండకే చాలదు. అసలు అలాగే ఉంది, ఒక్క రూపాయి ఎవరూ తినలేదు. కానీ వడ్డీ రేటు పడిపోయి, ధరలు పెరిగి, మంద కాస్తా గొర్రెపిల్లగా మిగిలింది. చోళుల కాపరి దగ్గరి గొర్రెలు పిల్లల్ని పెట్టేవి, ధర పెరిగితే గొర్రె ధరా పెరిగేది, నెయ్యి ధరా పెరిగేది. బ్యాంకు డిపాజిట్‌కు ఆ గుణం లేదు. వచ్చిన వడ్డీలో ఎంతో కొంత మళ్ళీ అసలుకు కలపకపోతే ఏ ధర్మనిధి అయినా ముప్పై ఏళ్ళకు పేరుకే మిగులుతుంది. ధర్మకర్తలు చెప్పడానికి మొహమాటపడే సంగతి ఇది. దాతల కుటుంబాలేమో అడగడానికి మొహమాటపడతాయి.

ఈ లెక్క తెలిసి నడుస్తున్నది చూడాలంటే కొండ ఎక్కాలి. తిరుమలలో ఉచిత అన్నప్రసాద వితరణ 1985 ఏప్రిల్ 6న మొదలైంది, ఎన్.టి.రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు. మొదట్లో రోజుకు రెండు వేల మందికి పెట్టేవారు. 1994లో దానికంటూ ప్రత్యేకంగా ట్రస్టు ఏర్పడింది, ఇప్పుడు శ్రీ వేంకటేశ్వర అన్నప్రసాదం ట్రస్టు అంటున్నారు. దాతలు ఇచ్చిన డబ్బు జాతీయ బ్యాంకుల్లో డిపాజిట్లుగా ఉంటుంది, వడ్డీ మీద వంట నడుస్తుంది. ఒక రోజంతా భోజనాల ఖర్చు భరించాలనుకునే దాత 44 లక్షల రూపాయలు కట్టాలి. ఉదయం ఫలహారానికి 10 లక్షలు, మధ్యాహ్నానికి 17, రాత్రికి 17. అంతకుముందు ఆ మొత్తం 38 లక్షలు, దానికీ ముందు 33 లక్షలు. రేటు పెంచినప్పుడల్లా సణుగుడు వినిపిస్తుంది కానీ, పెంచడమే నిజాయితీ. పాత రేటుకే పేరు రాసుకుని పప్పులో నీళ్ళు పోయడం కన్నా బియ్యం ధర ఇదీ అని చెప్పడం నయం. దాత పేరు ఆ ఒక్క రోజు అన్నప్రసాద భవనంలోని తెర మీద కనిపిస్తుంది. మర్నాడు ఇంకొకరి పేరు.

ఆ భవనం పేరు మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రం. వెయ్యిమంది చొప్పున కూర్చునే నాలుగు హాళ్ళు. 2011 జులై 7న అప్పటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ ప్రారంభించారు. అయితే వెంగమాంబను తలుచుకోవడానికి తిరుమలలో దీనికన్నా చాలా పాత పద్ధతి ఒకటుంది. ఈమె గుర్రంకొండ దగ్గరి తరిగొండలో పుట్టిన మనిషి, చిన్నతనంలోనే భర్త పోయిన కవయిత్రి, మిగతా బతుకంతా కొండమీదే గడిపింది. రాత్రి ఏకాంతసేవలో స్వామికి పట్టే ముత్యాల హారతి ఆమెది. ఇప్పటికీ ఆమె వంశీకులే తెచ్చి ఇస్తారు. తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి హారతి అని సామెతగా స్థిరపడిపోయింది. ఆమె పోయి రెండు వందల ఏళ్ళు దాటింది. మధ్యలో ఎందరు మహంతులు, ఎన్ని ప్రభుత్వాలు, ఎందరు అధికారులు మారారో. పళ్ళెం మాత్రం రోజూ రాత్రి వస్తూనే ఉంది.

లాలి సంగతిలో ఒక చిక్కు ఉంది, దాన్ని దాటవేయకూడదు. తాళ్ళపాక అన్నమాచార్యుడు 1503లో పోయాక, కొడుకు పెదతిరుమలాచార్యుడు తండ్రి సంకీర్తనల్ని రాగిరేకుల మీద చెక్కించాడు. మనవడు చిన్నన్న తాత చరిత్రను కావ్యంగా రాశాడు. తెలుగునాట ఒక కుటుంబం తమ పెద్ద జ్ఞాపకం కోసం ఇంతకన్నా ఖరీదైన, ఇంతకన్నా తెలివైన పని చేసిన ఉదాహరణ మరొకటి చూపించడం కష్టం. రెండు వేలకు పైగా రేకులు. తాటాకు కాదు, చెద పట్టదు, చిరగదు. వాటిని గుళ్ళోనే సంకీర్తన భాండారమనే గదిలో దాచారు. ఏమైంది? వంశీకుల నోట లాలి నిలిచింది, మిగతా వేల పాటలు ఆ గదిలోనే నిద్రపోయాయి. ఇరవయ్యో శతాబ్దంలో పండితులు ఆ రేకులు బయటికి తీయించి, చదివి, అచ్చువేయించేదాకా అన్నమయ్య పాట మామూలు తెలుగువాడికి దాదాపు తెలియదు. రాగి చెడిపోలేదు నిజమే. రేకుల్ని తీసి పాడించే మనిషికి ఏర్పాటు తెగిపోయింది. సొమ్ము ఉన్నంత మాత్రాన జ్ఞాపకం ఉన్నట్టు కాదనడానికి రేకులు సాక్ష్యమైతే, రోజువారీ పని ఒక్కటి పెట్టుకుంటే చాలా దూరం పోతుందనడానికి హారతి సాక్ష్యం.

అన్నదానం మొదలైన 1985వ సంవత్సరంలోనే రామారావు భార్య బసవతారకం క్యాన్సరుతో కన్నుమూశారు. ఆమె పేరు మీద క్యాన్సరు ఆసుపత్రి కట్టాలన్నది ఆయన కోరిక. అమెరికాలోని తెలుగు వైద్యులు చేయి కలిపారు, 1988లో సంస్థ ఏర్పడింది. 1996 జనవరిలో రామారావు కూడా పోయారు. హైదరాబాదులో బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి తలుపులు తెరిచింది 2000 జూన్ 22న, ప్రధాని వాజపేయి చేతుల మీదుగా. భార్య పోయిన పదిహేనేళ్ళకు, భర్త పోయిన నాలుగేళ్ళకు. తలపెట్టిన మనిషి లేకుండా ఆ పని పూర్తయిందంటే, ఆయన మాటను సంస్థగా మార్చి ఉంచడం వల్లే. ఇంట్లో చెప్పుకున్న కోరికగానే మిగిలి ఉంటే ఆయనతోపాటే పోయేది. ఈ ఆసుపత్రిలో చేరే రోగుల్లో చాలామందికి బసవతారకం ఎవరో పెద్దగా తెలియకపోవచ్చు. తెలియాల్సిన అవసరమూ లేదు.

సముద్రాల అవతల ఇదే వరస ఇంకాస్త కఠినంగా జరిగింది. అమెరికాలో రైల్వే కుబేరుడు లేలాండ్ స్టాన్‌ఫర్డ్ ఒక్కగానొక్క కొడుకు 1884లో ఇటలీలో టైఫాయిడ్‌తో పోయాడు, పదిహేనేళ్ళ పిల్లవాడు. తల్లిదండ్రులు వాడి పేరున విశ్వవిద్యాలయం పెట్టారు, 1891లో చదువులు మొదలయ్యాయి. స్టాన్‌ఫర్డ్ అనగానే అందరికీ తండ్రి పేరే అనిపిస్తుంది కానీ, పూర్తి పేరులో ఉన్నది ఆ పిల్లవాడే. రెండేళ్ళకే తండ్రి చనిపోయాడు. ఆస్తి కోర్టులో ఇరుక్కుంది. జీతాలకు డబ్బు లేదు. తల్లి జేన్, కోర్టు తన ఇంటి ఖర్చుకు మంజూరు చేసిన డబ్బులోంచి అధ్యాపకులకు జీతాలిచ్చి, ఇంట్లో పనివాళ్ళను తగ్గించుకుని, కేసు తేలేదాకా ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చింది. రిబ్బను కత్తిరించిన రోజు కన్నా ఆ నెల జీతాల రోజుల్నే కొడుకు స్మారకం అనుకోవాలి.

నెట్టుకొచ్చే మనిషి లేకపోతే ఏమవుతుందో చూడటానికి తడ నుంచి ఎంతో దూరం పోనక్కర్లేదు. తమిళనాడులోకి దాటితే పెరియపాళెం వస్తుంది. అక్కడ పుట్టిన పచ్చయప్ప మొదలియారు మద్రాసులో కంపెనీ దొరలకు దుబాసీగా పనిచేసి గొప్పగా సంపాదించి, 1794లో నలభై ఏళ్ళకే పోయాడు. గుళ్ళకు, ధర్మకార్యాలకు అని వీలునామా రాసిపెట్టాడు. డబ్బుంది, కాగితం ఉంది, అడిగే నాథుడు లేడు. దశాబ్దాల పాటు వ్యాజ్యాలు. చివరికి అప్పటి మద్రాసు సుప్రీంకోర్టు కలగజేసుకుని, అడ్వకేట్ జనరల్ జార్జ్ నార్టన్ పట్టుబట్టాక, 1842 జనవరి 1న ఆ డబ్బుతో బడి తెరిచారు. అదే పచ్చయప్ప కళాశాల. వీలునామాకూ బడికీ మధ్య 48 ఏళ్ళు. రెండు తరాల పిల్లలు చదువుకోకుండానే పెద్దవాళ్ళయ్యారు.

ఇప్పుడైతే ఆంధ్రప్రదేశ్‌లో సత్రాలకు, ధర్మసంస్థలకు 1987 నాటి దేవాదాయ చట్టం ఉంది. సంస్థ వివరాలు, ఆస్తులు 43వ సెక్షను కింద రిజిస్టరులో ఎక్కాలి. తాతలు రాసిచ్చిన సత్రం ఏమైందని వాపోయే మనవలు మొట్టమొదట తీయించాల్సింది ఆ రిజిస్టరు. సర్వే నంబరు అందులో ఉంటే పోరాటానికి కాళ్ళుంటాయి. లేకపోతే మిగిలేది కథలే. పన్ను సంగతి కూడా ఒక ముక్కలో చెప్పుకుంటే సరిపోతుంది. ఆదాయపు పన్నులో మినహాయింపు కావాలంటే రెండు వేల రూపాయలు దాటిన దానం నగదుగా ఇవ్వకూడదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఆ మినహాయింపు ఎలాగూ లేదు. తల్లి పేరు మీద ఇచ్చేవాళ్ళలో ఎందరు దీనికోసం ఆగుతారన్నది వేరే విషయం.

ఇక పేర్ల శాశ్వతత్వం. తడ ప్రజలకు దీని మీద పాఠం ఎవరూ చెప్పనక్కర్లేదు. 2008లో జిల్లా పేరు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అయింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజనతో తడ తిరుపతి జిల్లాలోకి వచ్చింది, చిరునామాలోంచి అమరజీవి పేరు జారిపోయింది. 1985లోనే హైదరాబాదులో పుట్టిన తెలుగు విశ్వవిద్యాలయం తర్వాత శ్రీరాములు పేరు పెట్టుకుంది. 2025లో తెలంగాణ శాసనసభ దానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెడుతూ బిల్లు ఆమోదించింది. ఇద్దరూ మహానుభావులే, తగువు వాళ్ళ మధ్య కాదు. బోర్డు మీది పేరు ఎంత పెద్దదైనా ఒక ఉత్తర్వు దూరంలోనే ఉంటుందన్నంత వరకే ఇక్కడ పనికొచ్చే సంగతి. కోనసీమలో లంకల గన్నవరం డొక్కా సీతమ్మ 1909లో పోయారు. 2024లో బడి మధ్యాహ్న భోజనానికి ఆమె పేరు పెట్టారు. పథకాల పేర్లు ప్రభుత్వాలతో మారుతుంటాయి, రేపు ఇదీ మారవచ్చు. సీతమ్మకు వచ్చే నష్టం లేదు. వేళ కాని వేళ వచ్చినవాడికి కూడా వండి పెట్టిందన్న మాట గోదావరి జిల్లాల్లో ఏ ఉత్తర్వూ లేకుండానే వందేళ్ళు నిలబడింది.

పొరుగునున్న రాకెట్ కేంద్రం షార్‌కు 2002లో సతీశ్ ధవన్ పేరు పెట్టారు. తడ జనం మాత్రం ఇంకా షార్ అనే అంటారు. రాకెట్ లేచినప్పుడు కిటికీ అద్దాలు అదిరితే ధవన్ గారి పనే గుర్తుకొస్తుంది, బోర్డు ఎవరూ చదవరు.

ఈ మంద సంగతి ఒక్క హిందువులకే పరిమితమనుకుంటే పొరపాటు. ఇస్లాంలో సదఖా జారియా అని ఒక భావన ఉంది. మనిషి పోయాక కూడా పుణ్యం అందుతూ ఉండే వాటిలో పారుతూ ఉండే దానం ఒకటి. బావి తవ్వించడం, బడి కట్టించడం, చెట్టు నాటడం. అక్కడ లెక్క ఒక్కటే, బావిలో నీళ్ళున్నన్నాళ్ళూ తవ్వించినవాడికి జమ పడుతుంది, ఎండితే ఆగిపోతుంది. నీళ్ళ ప్లాంటు పెట్టించిన అన్నకు ఇంతకన్నా సూటిగా చెప్పేవాళ్ళు లేరు. క్రైస్తవుల ఇళ్ళలో జ్ఞాపకార్థ కూడికలు జరుగుతాయి, నవంబరు 2న సమాధులు కడిగి, సున్నం కొట్టి, కొవ్వొత్తులు పెడతారు. ఏటా వెళ్ళి స్వయంగా కడగాలి కాబట్టి ఆ పద్ధతిలో మంద ఇంట్లోవాళ్ళే.

మరి పెద్దకర్మ? దక్షిణ రాయలసీమలో, నెల్లూరు దక్షిణాన, పదకొండో రోజో పదహారో రోజో ఊరంతటికీ పెట్టే భోజనం మీద అప్పులు చేసే కుటుంబాలున్నాయి. ఆ భోజనాన్ని తిట్టడం తేలిక, సంస్కర్తలు చాలామంది తిట్టారు. ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. ఇంట్లో మనిషి పోయిన పదిరోజులకు ఊరంతా వచ్చి ఇంటి ముందు కూర్చోవడం ఆ ఇంటికి అవసరం. తీసేయాల్సింది పోటీని. షామియానా ఒక వరస తగ్గించి, కూరలు రెండు తగ్గించి, మిగిలినదాన్ని బడి పిల్లల నోటుపుస్తకాలకు ప్రతి జూన్‌లో అందేలా డిపాజిట్ చేస్తే ఊరి కలయికకూ లోటు రాదు, పోయినవారి పేరుకూ ఒక తేదీ దొరుకుతుంది. మహాలయ అమావాస్యకు పెద్దలకు పెట్టుకునే ఇళ్ళకు ఏటేటా ఒక రోజు కేటాయించడం కొత్తగా నేర్పాల్సిన పని కాదు.

ధర్మనిధి పెట్టాలనుకునే కుటుంబానికి ఎవరైనా మొదట అడగాల్సిన ప్రశ్నలు మొరటుగా ఉంటాయి. పదో ఏడు కరెంటు బిల్లు ఎవరు కడతారు? కొడుకు అమెరికా పోతే సంతకం ఎవరిది? ఏటా తిథి రోజున లెక్క చదివి వినిపించే మనిషి పేరేమిటి? దుఃఖంలో ఉన్న ఇంట్లో ఈ మాటలు అడగడం అమర్యాదగా తోస్తుంది. పరాంతకుడి కాలపు శాసనం చెక్కినవాడు ఏ మర్యాదా చూడకుండా ఇంత బంగారం, ఇంత ధాన్యం అని రాతి మీద కొట్టాడు. ఆ గుడి వెనకున్న జ్ఞాపకం మీద అనుమానం రాకపోవడానికి ఆ అంకెలే కారణం.

మంద అక్కరలేని దానం ఒకటుంది, అది చెప్పకుండా ఈ విషయం ముగించడం కుదరదు. కళ్ళు. పోయిన మనిషి కంటి నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, కార్నియా, ఇంకొకరికి చూపునిస్తుంది. దానికి డిపాజిట్ లేదు, కమిటీ లేదు, ఫిల్టరు మార్చే పని లేదు, నిలబెట్టేది తీసుకున్నవారి ఒళ్ళే. ఎవరి కళ్ళు ఎవరికి పెట్టారో బయటికి చెప్పరు కాబట్టి పేరు రాసుకునే రెక్క కూడా లేదు. చిక్కంతా సమయంతోనే. సుమారు ఆరు గంటల్లోపు తీయాలి. ఆలోపు గదిలో ఫ్యాను ఆపేయాలి, రెప్పలు మూసి వాటి మీద తడి దూది ఉంచాలి, తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తు చేయాలి. బతికుండగా ఆ మనిషి ఎన్ని హామీపత్రాల మీద సంతకం పెట్టినా, ఆ గంటలో దగ్గరివాళ్ళు ఒప్పుకోకపోతే ఎవరూ ముట్టుకోరు. పెద్దకొడుకు సరేనన్నా చిన్నమేనమామ వద్దనవచ్చు. అందుకే ఈ మాట ఇంట్లో అందరూ బాగున్న రోజున, ఒక పండక్కో పబ్బానికో, నలుగురూ ఉన్నప్పుడు తేల్చుకోవాలి. తడ నుంచి అటు చెన్నైకైనా ఇటు తిరుపతికైనా రోడ్డు మీద పట్టే సమయాన్ని కూడా ఆ ఆరు గంటల్లోనే లెక్కపెట్టుకుని, నేత్రనిధికి ముందు కబురు చేసి, బంధువులకు ఫోన్లు ఆ తర్వాత చేయాలి.